అరుణ్ ఖేతర్‌పాల్ (1950–1971): కొడుకుని కొట్టినవాడి ఇంట్లో ఆ తండ్రి భోంచేయడం తప్పా?

కృష్ణాతీరం
మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే రగడ. ఎవరో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఫొటో పెట్టారు. 1971 యుద్ధంలో షకర్‌గఢ్ సెక్టార్‌లో, బసంతర్ నది దగ్గర పోయేనాటికి ఆ అబ్బాయికి 21 ఏళ్ళు. పరమవీర చక్ర ఇచ్చారు. అంతవరకూ అందరూ దండాలు పెట్టారు. ఆ తర్వాత ఇంకొకరు వాళ్ళ నాన్న సంగతి పెట్టారు. బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్‌పాల్. 2001లో, 81 ఏళ్ళ వయసులో, సొంతూరు సర్గోధా ఒక్కసారి చూసుకోవాలని పాకిస్తాన్ వెళ్ళారు. లాహోర్‌లో బ్రిగేడియర్ నాసర్ అనే ఆయన తన ఇంట్లోనే ఉంచుకుని దగ్గరుండి మర్యాదలు చేశారు. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి ఆయనే నోరు విప్పి చెప్పారు, ఆ రోజు మీ అబ్బాయి ట్యాంకుని కొట్టింది నేనేనని. పెద్దాయన ఒక్క పరుషమైన మాట అనలేదు. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఉంది.

ఇక చూడండి. 'కొడుకుని చంపినవాడి ఇంట్లో అన్నం తిని, పక్కన నిలబడి ఫొటో దిగడానికి మనసెలా వచ్చింది' అని మా తమ్ముడి వరస కుర్రాడు మొదలెట్టాడు. ఇంకో నలుగురు వంత పాడారు. నాకు కడుపు రగిలిపోయింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషికి దుఃఖం ఎలా పడాలో మనం నేర్పుతామా అని రాశాను. దాంతో కొందరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఇక్కడ ఆర్మీలో చేసినవాళ్ళున్నారు, ఆర్మీలో పిల్లలున్న తల్లులున్నారు. మీరేమంటారు?

కోనసీమకుర్రోడు
మీ తమ్ముడు మాట్లాడిన పద్ధతి బాలేదు గానీ, ఆ కోపం నాకు అర్థమయ్యిందండి. నావల్లయితే కాదు. మా నాన్న రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ లారీ నడిపిన మనిషి ఎదురుపడితే ఇప్పటికీ మొహం తిప్పేసుకుంటాను. అది పొరపాటున జరిగింది. ఇది గురి చూసి కొట్టింది కదండీ.

తంగేడు
గురి చూసి కొట్టుడే ఇద్దరి పని కదనే తమ్మీ. ఈ పిల్లగాడు గూడ అవతలోళ్ళ ట్యాంకులు నాలుగు కొట్టిండు. అండ్ల ఉన్నోళ్ళు గూడ ఎవరో ఒకరి కొడుకులే.

కోనసీమకుర్రోడు
అది నిజమేనక్కా. కానీ కన్నతండ్రి మనసుకి ఆ లెక్క ఎక్కుద్దంటారా?

మాజీ_సవార్
ఆర్మర్డ్ రెజిమెంట్‌లో ట్యాంక్ డ్రైవర్‌గా చేసి వచ్చాను. అరుణ్ సాబ్ రెజిమెంట్ పూనా హార్స్ కాదు, వేరేది. అయినా బసంతర్ గురించి చెప్పని ఉస్తాద్ మా ట్రైనింగ్‌లో లేడు. అరుణ్ సాబ్ నడిపించిన సెంచూరియన్ ట్యాంకు పేరు ఫామగుస్తా. అహ్మద్‌నగర్‌లో మా సెంటర్‌లో ఉంది. తండ్రి సంగతి తేల్చేముందు ఆ రోజు ఏం జరిగిందో తెలిస్తే మంచిది.

పఠాన్‌కోట్ నుంచి జమ్మూ వెళ్ళే రోడ్డు అక్కడ సరిహద్దుకి బాగా దగ్గరగా పోతుంది. షకర్‌గఢ్ ప్రాంతం మన వైపుకి పొడుచుకొచ్చి ఉంటుంది. అటునుంచి వాళ్ళ ట్యాంకులు వస్తే ఆ రోడ్డు తెగుతుంది. అందుకే మన 54 డివిజన్ ముందే లోపలికి దిగింది. డిసెంబర్ 15 రాత్రి 47 బ్రిగేడ్ పదాతిదళం బసంతర్ దాటి అవతలి ఒడ్డున కాలు పెట్టింది. 3 గ్రెనేడియర్స్, 16 మద్రాస్ అందులో ఉన్నాయి. మద్రాస్ రెజిమెంట్ అంటే మన దక్షిణాది కుర్రాళ్ళే. వెనకాల ఇంజనీర్లు మైన్లు తీస్తూ ట్యాంకులకి దారి చేస్తున్నారు. పని పూర్తి కాకముందే అవతలి ఒడ్డు నుంచి కబురొచ్చింది, శత్రువు ట్యాంకులు కదులుతున్నాయి, మన ట్యాంకులు కావాలి అని. పూనా హార్స్ ఆగలేదు. మైన్లు ఇంకా తీయని నేల మీదే దాటేసింది. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి ఆ ముక్క చదివితేనే కాళ్ళు చల్లబడతాయి. చైన్ కింద ఏం పేలినా ముందు తగిలేది వాడికే.

16వ తేదీ పొద్దున పాకిస్తాన్ 13 లాన్సర్స్ ప్యాటన్ ట్యాంకులతో ఎదురుదాడికి వచ్చింది. పూనా హార్స్ బి స్క్వాడ్రన్ సాయం అడిగింది. అరుణ్ సాబ్ ఎ స్క్వాడ్రన్. ఎవరూ పంపకుండానే, దగ్గర్లో ఉన్నాను కదా అని తన ట్యాంకుల్ని తీసుకుని బయల్దేరాడు. దారిలో ట్యాంకుల్ని కొట్టే రీకాయిలెస్ గన్లు కొడుతుంటే తప్పుకోలేదు, వాటి మీదికే పోయి ఆ గన్ల దగ్గరున్నవాళ్ళని పిస్తోలు చూపించి పట్టుకున్నాడు. అక్కడే అతని ట్రూప్‌లో ఒక ట్యాంక్ కమాండర్ పోయాడు. ఆఖరికి ఆ వైపు మిగిలినవి మూడే ట్యాంకులు. కెప్టెన్ మల్హోత్రా, లెఫ్టినెంట్ అహ్లావత్, ఇతను. ఎదురుగా ఒక స్క్వాడ్రన్ మొత్తం. పది ట్యాంకులు పడగొట్టారు, నాలుగు ఇతను ఒక్కడే. అహ్లావత్ ట్యాంకు దెబ్బతింది. మల్హోత్రా ట్యాంకు గన్ మొరాయించింది. ఇతని ట్యాంకు అంటుకుంది. దిగి వచ్చెయ్యమని రేడియోలో చెప్పారు. గన్ పనిచేస్తోంది, ట్యాంకు వదలను అన్నాడు. ఇంకా కొట్టాడు. తర్వాత తగిలిన గుండుకి పోయాడు. అప్పటికి పొద్దున పది దాటింది. ఆ సాయంత్రం నాలుగున్నరకి ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టాడు.

డల్లాస్_శ్రీను
సవార్ గారూ, అదే రోజు అని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. డిసెంబర్ 16 అంటే విజయ్ దివస్ అనే గుర్తు. అటు యుద్ధం అయిపోతోంది, ఇటు ఇతను…

విజయనగరం_వాసి
పశ్చిమాన అప్పటికి ఆగలేదు శ్రీను గారూ. అక్కడ కాల్పుల విరమణ 17వ తేదీ రాత్రి ఎనిమిదికి. ఆ ఒక్కరోజులో కూడా బోలెడుమంది పోయారు.

లెక్కలమాస్టారు
సవార్ గారి పోస్టు రెండుసార్లు చదివాను. నా సందేహం వేరు. పైఅధికారి దిగిపొమ్మన్నాక దిగకపోవడం ధిక్కారం కాదా? నేను తొమ్మిది, పది తరగతులకి చెబుతాను. పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకడైనా అడుగుతాడు, సార్, దిగి ఉంటే బతికేవాడు కదా, ఇంకో యాభై ఏళ్ళు దేశానికి పనికొచ్చేవాడు కదా అని. అడిగిన పిల్లవాడిది తప్పని నేను అనలేను.

మాజీ_సవార్
మాస్టారూ, మంచి ప్రశ్న. వాళ్ళ సి.ఓ., అంటే కమాండింగ్ ఆఫీసర్, లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్, ఆయనకీ మహావీర చక్ర వచ్చింది. ఆయన అంతకుముందే రెజిమెంట్ అందరికీ రేడియోలో చెప్పేశాడు, ఏ ట్యాంకూ ఒక్క అంగుళం వెనక్కి పోకూడదని. కారణం ఉంది. వెనకాల మైన్‌ఫీల్డ్, నది. ముందు మన పదాతిదళం గుంటల్లో ఉంది. ట్యాంకులు వెనక్కి జరిగితే వాళ్ళు ప్యాటన్ల కింద పడతారు. మల్హోత్రా సాబ్ దిగిపొమ్మన్నది ప్రేమతో, కుర్రాడు కాలిపోతున్నాడని. అరుణ్ సాబ్ చూసింది ఎదురుగా ఖాళీ అయ్యే జాగాని. మిగతా రెండు ట్యాంకులూ కొట్టలేని స్థితిలో ఉన్నాయి. ఇతనూ దిగిపోతే ఆ దారిలో ఇంకెవరూ లేరు. దీన్ని ధిక్కారం అని మా దగ్గర ఎవరూ అనరు.

లెక్కలమాస్టారు
ఇలా ఎవరూ చెప్పలేదండీ. మా పుస్తకాల్లో 'వీరోచితంగా పోరాడి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గుంటల్లో మనుషులున్నారని చెబితే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

సన్నజాజి
మా అబ్బాయి ఎన్.డి.ఎ.లో, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ఉన్నాడు, ఖడక్‌వాస్లాలో. వాళ్ళు పరేడ్ చేసే మైదానం పేరే ఖేతర్‌పాల్ గ్రౌండ్. వాణ్ణి దింపడానికి వెళ్ళినప్పుడు ఆ పేరు చూసి, ఎవరో పెద్ద జనరల్ కాబోలు అనుకున్నాను. మావాడే చెప్పాడు, అమ్మా, ఆయన ఆఫీసర్‌గా కమిషన్ అయిన ఆరు నెలలకే పోయాడు అని. 1971 జూన్ 13న కమిషన్, డిసెంబర్ 16న మరణం. జూన్ నుంచి డిసెంబర్. ఆర్నెల్ల మూడు రోజులు. ఆ మాట విన్నాక నేను ఆ పూట అన్నం తినలేకపోయాను.

మీరందరూ తండ్రి గురించి మాట్లాడుతున్నారు. ఆ తల్లి సంగతి చెప్పండి. యుద్ధం ఆగింది 17న. ఇంట్లోవాళ్ళకి కబురు తెలిసింది 26న. మధ్యలో ఆ రోజులన్నీ ఆ తల్లి, హమ్మయ్య, యుద్ధం అయిపోయింది, ఇవాళో రేపో వస్తాడని ఎదురుచూసి ఉంటుంది. అప్పటికే సాంబా దగ్గర అంత్యక్రియలు కూడా అయిపోయాయి. చివరిచూపు లేదు. అస్థికలు వచ్చాయి ఇంటికి. యుద్ధం జరుగుతున్నప్పుడు భయపడటానికైనా మనసు సిద్ధంగా ఉంటుంది. ఆగిపోయాక ఎలా ఉంటుందండీ?

మాధవరం_మనవడు
అక్కా, మీ పోస్టు చదివి మా నానమ్మ గుర్తొచ్చింది. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ మా ఊళ్ళో ఇంటికొకరు సైన్యానికి వెళ్ళారు. మా నానమ్మ చెప్పేది, యుద్ధం రోజుల్లో పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినపడితే ఆడవాళ్ళు బయటికొచ్చి అరుగుల మీద నిలబడేవాళ్ళట. ఏ ఇంటిముందు ఆగుతాడో అని. ఆగకుండా వెళ్ళిపోతే దండం పెట్టుకుని, వెంటనే పక్కింటివాళ్ళని తలుచుకుని సిగ్గుపడేవాళ్ళట.

సన్నజాజి
బాబూ, ఇప్పుడు ఫోను మోగితే నాదీ అదే పరిస్థితి.

కర్నూలోడు
నేను కొంచెం కటువుగా అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దండప్పా. అంతమంది పిల్లోళ్ళు పాణాలిచ్చి పట్టుకున్న షకర్‌గఢ్ నేల ఏమాయ? 1972లో సిమ్లా ఒప్పందం చేసుకుని తిరిగిచ్చేసినాము. పశ్చిమాన పట్టుకున్నది 13,000 చదరపు కిలోమీటర్లకు పైనే. ఆ నేలంతా ఇచ్చేసినాక, ఈ పిల్లోడు దేనికోసరం పోయినట్లు?

హన్మకొండ_రవి
నాక్కూడ ఇదే మంట అన్నా. ఢిల్లీల కూసున్నోళ్ళు సంతకం పెట్టుడు అల్కనే. పోయినోని ఇంటికి ఏం చెప్తరు?

మాజీ_సవార్
కర్నూలు అన్నా, ఆ పోరాటం భూమిని ఉంచుకోవడానికి కాదు. వాళ్ళ ట్యాంకుల బలాన్ని అక్కడే విరిచి రోడ్డు కాపాడటానికి. రోడ్డు తెగలేదు. వాళ్ళ ఆర్మర్డ్ బ్రిగేడ్ మళ్ళీ లేవలేనంత దెబ్బతింది. భూమి తిరిగివ్వడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, ఆ కుర్రాడి పని మాత్రం పూర్తయింది.

కర్నూలోడు
సైనికుడిగా మీకది తృప్తి కావచ్చు సార్. నాకు కాలా. ఆయప్ప పని ఆయప్ప చేసినాడు, అందులో నాకు అనుమానం ల్యా. మిగతావోళ్ళు వాళ్ళ పని చేసినారా అన్నదే నా ప్రశ్న. దీనికి జవాబు మీరియ్యాల్సిన పనిల్యా, మిమ్మల్ని అడగడం కూడా న్యాయం కాదు.

పాతపుస్తకం
ఇద్దరి మాటా నిలుస్తుంది, ఆ వాదన ఇక్కడ తెగదు. నేను ఇంకో సంగతి చెబుతాను, మన హైదరాబాద్‌కి సంబంధించింది. ఇదే పూనా హార్స్‌కి 1965లో కూడా పరమవీర చక్ర వచ్చింది. లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేషిర్ తారాపోర్. ఆయన సైనిక జీవితం మొదలైంది నిజాం సైన్యంలో, ముందు పదాతిదళంలో, తర్వాత హైదరాబాద్ లాన్సర్స్‌లో. హైదరాబాద్ రాజ్యం విలీనమయ్యాక పూనా హార్స్‌కి వెళ్ళారు. 1965 సెప్టెంబర్ 16న చవిండా పోరులో పోయారు. ఆయన పోయింది కూడా ఆ ప్రాంతంలోనే, షకర్‌గఢ్‌కి ఎంతో దూరం కాదు. అంటే అరుణ్ ఆ రెజిమెంట్‌లో అడుగుపెట్టేనాటికి తారాపోర్ పేరు రోజూ వినపడుతూ ఉండేది. 54 డివిజన్ సంగతి కూడా మనవాళ్ళకి తెలియాలి, ఇప్పుడు దాని మకాం సికింద్రాబాదే.

ఆ తండ్రి గురించి. ఆయన ఇంజనీర్ల కోర్‌లో పనిచేసిన బ్రిగేడియర్. అరుణ్ తాత మొదటి ప్రపంచ యుద్ధంలో చేశారు. ముత్తాత సిక్కు సైన్యంలో ఉండి చిలియన్‌వాలాలో ఇంగ్లీషువాళ్ళతో తలపడ్డారు. అలాంటి ఇంటి మనిషికి ఎదుటి సైనికుడు ఏం చేశాడో, ఎందుకు చేశాడో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. నాసర్ అప్పట్లో మేజర్, 13 లాన్సర్స్‌లో స్క్వాడ్రన్ నడిపారు. తర్వాత పంపిన ఫొటో వెనక రాశారు, ఆ రోజు మా ఎదురుదాడి గెలుపుకీ ఓటమికీ మధ్య మీ అబ్బాయి కదలని కొండలా నిలబడ్డాడని. కొడుకు గురించి ఆ తండ్రికి అందిన అన్నిటికంటే పెద్ద సర్టిఫికెట్ అదే. మనవాళ్ళిచ్చిన పతకం కన్నా గొప్పది. ఎందుకంటే ఇచ్చింది ఎదురుగా నిలబడి చూసినవాడు.

కోనసీమకుర్రోడు
పతకం కన్నా గొప్పదంటే నేనొప్పుకోనండి. ఇంత బాగా పోరాడాడు అని శత్రువు రాయాలా మనకి తెలియడానికి?

పాతపుస్తకం
రాయాలని కాదు తమ్ముడూ. రాశాడు, అదీ సంగతి. ఇది ఒకవైపు నుంచే కూడా జరగలేదు. మర్నాడు, 17వ తేదీ తెల్లవారుజామున, జర్పాల్ దగ్గర పాకిస్తాన్ 35 ఫ్రాంటియర్ ఫోర్స్ దాడి చేసింది. దాని సి.ఓ. లెఫ్టినెంట్ కల్నల్ మొహమ్మద్ అక్రమ్ రాజా ముందు నడుస్తూ పడిపోయాడు. ఎదురుగా ఉన్న మన 3 గ్రెనేడియర్స్ సి.ఓ. వి.పి. ఐరీ ఆయన ధైర్యం గురించి రాసిచ్చారు. పాకిస్తాన్ ఆ తర్వాత ఆయనకి హిలాల్-ఎ-జుర్రత్ అనే శౌర్య పతకం ఇచ్చింది. అక్కడే మన మేజర్ హోషియార్ సింగ్‌కి పరమవీర చక్ర. గాయాలతో ఒక గుంట నుంచి ఇంకో గుంటకి తిరుగుతూ తన కంపెనీని నిలబెట్టాడు. ఆయన బతికి వచ్చాడు.

డల్లాస్_శ్రీను
నాకు మనసులో గుచ్చుకున్నది ఇంకోటి. యుద్ధం వస్తోందని అరుణ్‌ని కోర్సు మధ్యలో అహ్మద్‌నగర్ నుంచి రెజిమెంట్‌కి పిలిచారు కదా. దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్ళి, గోల్ఫ్ కర్రలు, విందులకి వేసుకునే నీలం యూనిఫాం సర్దుకున్నాడట. లాహోర్‌లో గోల్ఫ్ ఆడాలి, గెలిచాక విందు ఉంటుంది కదా, దానికి బట్టలు కావాలి అని. 21 ఏళ్ళప్పుడు నేనూ అంతే, ఫైనల్ పరీక్షకి ముందే పార్టీకి చొక్కా కొనుక్కునేవాణ్ణి. ఆ వయసుకి చావు అనే ఆలోచనే రాదు.

హన్మకొండ_రవి
శ్రీనన్నా, ఆ చొక్కా ఏసుకున్నవా లేదా మరి?

డల్లాస్_శ్రీను
వేసుకున్నాను రవీ. మంచి మార్కులే వచ్చాయి. ఇతనికి ఆ అవకాశం రాలేదు, అదే నా బాధ.

విజయనగరం_వాసి
కర్నల్ సంతోష్ బాబు గుర్తున్నారు కదా, సూర్యాపేట. 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయారు. ఆయన మా కోరుకొండ సైనిక్ స్కూల్ పూర్వ విద్యార్థి. కార్గిల్‌లో పోయిన మేజర్ పద్మపాణి ఆచార్య కూడా హైదరాబాద్ అబ్బాయే, 2 రాజ్‌పుతానా రైఫిల్స్. 1999 జూన్ 21న 30వ పుట్టినరోజు, 28న ద్రాస్ సెక్టార్ పోరులో మరణం. అప్పటికి భార్య గర్భవతి. వాళ్ళ నాన్న గారు కూడా ఎయిర్ ఫోర్స్ మనిషి. ఆయనకి కొడుకు యుద్ధం నుంచి రాసిన ఉత్తరం అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఇలాంటి తండ్రులు మాట్లాడేది విన్నప్పుడు ఒకటి గమనించాను. ద్వేషం గురించి ఎక్కువ మాట్లాడేది వాళ్ళు కాదు, బయటివాళ్ళం మనం.

కృష్ణాతీరం
వాసి గారూ, నేను గ్రూపులో చెప్పలేకపోయింది ఇదే.

లెక్కలమాస్టారు
నాకు నాసర్ మీద ఒక ప్రశ్న ఉంది. ఎందుకు చెప్పినట్టు? 81 ఏళ్ళ మనిషి, సొంతూరు చూసుకుని సంతోషంగా వెళ్తున్నాడు. రేపు పొద్దున ప్రయాణం. ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచుకున్నవాడు ఇంకొక్క రాత్రి దాచుకోలేకపోయాడా? తన బరువు దించుకోవడానికి ఆ పెద్దాయన నెత్తిన పెట్టాడేమో అనిపిస్తోంది.

తంగేడు
మాస్టారూ, నాకు ఉల్టా అనిపిస్తది. చెప్పకుండ పంపిస్తే అది మోసం. మూడు పూటల అన్నం పెట్టి, కొడుకు ముచ్చట్లు చెప్పించుకుని, లోపల అసలు సంగతి దాచుకునుడు ఎట్ల? రేపు వేరేటోళ్ళ నోట ఇనేదానికన్న ఆయన నోటినుంచే ఇనుడు మంచిది గద.

మాధవరం_మనవడు
చెప్పడానికి కూడా గుండె కావాలి. ఎదుటివాడు ఏం చేస్తాడో తెలీదు. ఇంట్లో పిల్లాపాపా ఉంటారు.

లెక్కలమాస్టారు
గుండె సంగతి ఒప్పుకుంటాను. అయినా వినేవాడి వయసు చూడాలి కదా.

సన్నజాజి
మాస్టారు గారూ, నేను చెబుతాను ఒక తల్లిగా. నాకైతే చెప్పాల్సిందే. ఎక్కడ పోయాడు, ఎలా పోయాడు, ఎక్కువసేపు బాధపడ్డాడా, చివర్లో ఎటు చూస్తున్నాడు. ప్రభుత్వం ఇచ్చే కాగితంలో ఇవేవీ ఉండవు. మనవాళ్ళు కూడా చెప్పలేరు, వాళ్ళు పక్కనో వెనకో ఉంటారు. ఎదురుగా ఉండి చూసింది ఆ ఒక్కడే. కొడుకు ఆఖరి క్షణం ఎవరి కళ్ళల్లో మిగిలి ఉందో ఆ మనిషి దగ్గర కూర్చోవాలని నాకూ ఉంటుంది. వాడు శత్రువైనా సరే. క్షమించడం, మెచ్చుకోవడం ఇవేవీ నాకు తెలీదు. వాడు చూసింది నాకు కావాలి, అంతే. ఆ పెద్దాయన ఫొటో దిగింది పాకిస్తాన్‌తో కాదు. కొడుకుని చివరిగా చూసినవాడితో.

హన్మకొండ_రవి
అక్కా… ఇంక నాకు మాట రాదు.

కోనసీమకుర్రోడు
సన్నజాజి గారూ, ఇది చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశానండి. ఇప్పటికీ నావల్ల కాదనే అంటాను. కానీ ఆయన్ని తప్పుపట్టే మాట నా నోట రాదు.

కర్నూలోడు
ఆ తమ్ముడికి ఈ పోస్టు పంపించు కృష్ణా. పేరు తీసేసి పంపు. చదవనీ.

కృష్ణాతీరం
సన్నజాజి గారు సరేనంటే పంపిస్తాను.

సన్నజాజి
పంపండి. పేరు ఉన్నా పర్లేదు.

తంగేడు
ఒక ముచ్చట ఎవ్వరూ తీయలేదు, నేను తీస్త. ట్యాంకుల ఒక్కడే ఉండడు గద? అరుణ్ పేరు మీద ఎన్.డి.ఎ.ల గ్రౌండ్ ఉంది, డెహ్రాడూన్‌ల ఆడిటోరియం ఉంది, 2023ల అండమాన్‌ల ఒక దీవికి గూడ ఆయన పేరు పెట్టిన్రు. మంచిగున్నది, పెట్టాలె. మరి ఆ ట్యాంకుల మిగిలినోళ్ళు?

మాజీ_సవార్
తంగేడు అమ్మా, దండం. ఇది మా బోటివాళ్ళు అడగాల్సిన ప్రశ్న. సెంచూరియన్‌లో నలుగురు ఉంటారు. కమాండర్ అరుణ్ సాబ్. డ్రైవర్ సవార్ (మా దగ్గర సిపాయి ర్యాంకు) ప్రయాగ్ సింగ్. గన్నర్ సవార్ నత్తూ సింగ్. రేడియో చూసేది సవార్ నంద్ సింగ్. ఆ ట్యాంకులో ముందు పోయింది నంద్ సింగ్. ప్రయాగ్ సింగ్, నత్తూ సింగ్ బతికి బయటపడ్డారు. ట్యాంకు వదలను అని సాబ్ అన్నప్పుడు ఆ మాట నలుగురికీ వర్తించింది. డ్రైవర్‌గా చెబుతున్నాను, లోపల మంట, పొగ, చెవుల్లో రేడియో గోల, బయట ఏముందో సరిగ్గా కనపడదు. కమాండర్ కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ప్రయాగ్ సింగ్ ఆ మంటలో ట్యాంకు నడుపుతూనే ఉన్నాడు. నత్తూ సింగ్ గురి తప్పలేదు. నాలుగు ట్యాంకులు అరుణ్ సాబ్ కొట్టాడని మనం అంటాం, ట్రిగ్గర్ మీద వేలు నత్తూ సింగ్‌ది.

హన్మకొండ_రవి
నంద్ సింగ్ వయసెంతనో, ఊరేదో ఎక్కడన్న ఉందా అన్నా? అరుణ్ స్కూల్ సనావర్, పుట్టింది పుణె, 1950 అక్టోబర్ 14, అన్నీ ఒక్క నిమిషంల దొరికినయ్. గీయన పేరు కొడితే ట్యాంకు కథలనే వస్తడు.

లెక్కలమాస్టారు
ఇకనుంచి మా తరగతిలో నాలుగు పేర్లూ చెబుతాను. బోర్డు మీద రాయిస్తాను.

కర్నూలోడు
అట్లనే మద్రాస్ రెజిమెంట్ వోళ్ళ పేర్లు కూడా ఎవరన్నా వెతకండప్పా. బసంతర్ కాడ మన జిల్లాలోళ్ళు కూడా ఉండుంటారు. ఊరిలో ఒక రాయి కూడా ఉండదు వాళ్ళకి.

విజయనగరం_వాసి
ఢిల్లీ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఇండియా గేట్ దగ్గర జాతీయ యుద్ధ స్మారకం ఉంది, 2019 ఫిబ్రవరిలో తెరిచారు. పరమవీరుల విగ్రహాలన్నీ ఒకవైపు ఉంటాయి, అరుణ్‌ది అక్కడే. దాంతోపాటు త్యాగచక్రం అని గుండ్రటి గోడలున్నాయి. 25 వేలకు పైగా పేర్లు, ఒక్కొక్క పేరు ఒక్కొక్క రాతి పలక మీద, ర్యాంకుతో సహా చెక్కారు. జనరల్‌కీ సిపాయికీ ఒకే సైజు పలక.

తంగేడు
వచ్చే నెల మా బిడ్డ దగ్గరికి ఢిల్లీ పోతున్న. నంద్ సింగ్ పలక ఎట్ల దొరకవట్టాలె? గన్ని పేర్లల్ల?

విజయనగరం_వాసి
రెజిమెంట్ పేరు, సంవత్సరం పట్టుకుని వెళ్ళండి. 17 హార్స్ (పూనా హార్స్‌దే ఆ నంబరు), 1971. అక్కడున్న సిబ్బందిని అడిగితే ఏ గోడో చూపిస్తారు.

మాజీ_సవార్
అమ్మా, నంద్ సింగ్ అనే పేరు సైన్యంలో చాలామందికి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్, 1947లో మహావీర చక్ర వచ్చిన సిక్కు రెజిమెంట్ నంద్ సింగ్ ఉన్నారు, ఆయన వేరు. పలక మీద 'సవార్' అని ర్యాంకు చూసుకోండి. సవార్ అంటే మా ఆర్మర్డ్ వాళ్ళే. దొరికితే ఫొటో ఇక్కడ పెట్టండి.

తంగేడు
పెడ్త.